చిన్న గదిలో పెద్ద హోరు

పాట అదే, బ్యాండూ అదే. ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే తల ఊగుతుంది, అంతే. అదే పాటను నూట యాభై మంది కిక్కిరిసిన గదిలో, డ్రమ్ములకు నాలుగు గజాల దూరంలో నిలబడి విన్నప్పుడు దరువు పక్కటెముకల్లో మోగుతుంది. కాళ్లు మన అనుమతి అడగకుండానే కదులుతాయి. ముందురోజు వరకూ ఆ బ్యాండు పేరు కూడా విని ఉండం. రికార్డింగులో కనిపించని తప్పులు అక్కడ దొర్లుతాయి, గాయకుడి మాటలు సగం అర్థం కావు. అయినా మనసులో నాటుకునేది ఆ గదిలో విన్న పాటే.

దీన్ని ‘అదో మూడ్’ అని వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ అనుభవంలో చాలా భాగానికి కొలవగల కారణాలున్నాయి. కొన్ని గోడల్లో ఉన్నాయి, కొన్ని గాలిలో, కొన్ని చెవి లోపల. చిన్న గదిలో వాయించే కొత్త బ్యాండుకు ఆ గది కూడా ఒక వాద్యమే. దాన్ని లొంగదీసుకోవడం నేర్చినవాళ్లే పెద్ద వేదికల దాకా వెళ్తారు.

మాథ్యూ వీధి నేలమాళిగ

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరం, మాథ్యూ స్ట్రీట్. గోదాముల కింద ఒక ఇటుక నేలమాళిగ. పక్కపక్కనే మూడు పొడవాటి సొరంగాల్లాంటి గదులు, పైన గుండ్రటి కప్పు, మధ్యలో వంపు దారులు. ప్యారిస్‌లోని జాజ్ క్లబ్బు ఒకదాన్ని చూసి ముచ్చటపడిన అలన్ సిట్నర్ 1957 జనవరి 16న దీన్ని కావెర్న్ క్లబ్ పేరుతో తెరిచాడు. మొదట్లో అక్కడ జాజ్‌దే రాజ్యం, రాక్ మెల్లగా చొరబడింది. 1961 ఫిబ్రవరి 9న, ఆఫీసుల మధ్యాహ్న భోజన విరామంలో, బీటిల్స్ అనే స్థానిక కుర్రాళ్లు అక్కడ తొలిసారి వాయించారు. 1963 ఆగస్టు 3న చివరిసారి వాయించేసరికి అక్కడ వాళ్ల కచేరీల సంఖ్య దాదాపు 290కి చేరింది. వాళ్ల మేనేజరు కాబోయే బ్రయన్ ఎప్‌స్టీన్ 1961 నవంబరు 9న వాళ్లను మొదట చూసింది కూడా ఆ నేలమాళిగలోనే.

శబ్దశాస్త్రం చదివిన ఇంజినీరుకు ఆ చోటు చూపిస్తే పెదవి విరుస్తాడు. గట్టి ఇటుక శబ్దాన్ని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. వంపు తిరిగిన కప్పు ఆ శబ్దాన్ని కొన్ని చోట్ల పోగేస్తుంది. గాలి ఆడదు. జనం ఊపిరి ఆవిరై గోడల మీద చెమటలా కారేది. ఇంత చెడ్డ గదిలో సంగీతం ఎలా నిలబడింది? జవాబు కోసం ముందు అమెరికా వెళ్లాలి, అదీ ఇంకో అరవై ఏళ్లు వెనక్కి.

రాత్రిపూట దిండ్లు మోసిన ప్రొఫెసరు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లకు ఒక తలనొప్పి వచ్చింది. కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట పలికితే దాని మోత ఐదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. ఈలోగా వక్త మరో పదిహేను మాటలు మాట్లాడేసేవాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయ్యేవి.

దీన్ని బాగుచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త మీద పడింది. పగటి సందడి సద్దుమణిగాక రాత్రిళ్లు పనిచేశాడు. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, కొన్ని కొన్ని చొప్పున గదిలో పరుస్తూ పోయాడు. ఒక ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపేసి, మోత పూర్తిగా చచ్చిపోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో కొలిచాడు. తెల్లారేలోపు దిండ్లన్నీ తిరిగి థియేటరుకు చేరాలి.

అతను తేల్చింది చాలా సూటి విషయం. గది ఘనపరిమాణం పెరిగితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. గదిలో శబ్దాన్ని పీల్చే వస్తువులు పెరిగితే తొందరగా ఆగిపోతుంది. ఇలా మిగిలే మోతనే ప్రతినాదం అంటారు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఈ లెక్కతోనే తీర్చిదిద్దారు.

ఇప్పుడు కావెర్న్‌కు తిరిగి వద్దాం. గోడలు ఇటుకవే, కానీ గది చిన్నది, పైకప్పు తక్కువ ఎత్తు. దాని నిండా జనం. కోటులూ ఉన్ని బట్టలూ వేసుకున్న మనుషులు శబ్దాన్ని బాగా పీల్చుకుంటారు, ముఖ్యంగా మధ్యమ, తార స్థాయి స్వరాలను. ఖాళీ గదిలో గోలగోలగా వినిపించిన బ్యాండు, జనం నిండాక స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. సాయంత్రం సౌండ్ చెక్‌లో సరిచేసుకున్న బ్యాలెన్సు రాత్రికి పనికిరాకుండా పోవడానికీ ఇదే కారణం. కొత్త బ్యాండ్లు మొదటి పాటలో తడబడుతున్నట్టు అనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి. సౌండ్ మనిషి అప్పుడే కొత్త గదిని కలుసుకుంటున్నాడు.

రాక్‌కు ఎంత మోత కావాలి?

సింఫనీ ఆర్కెస్ట్రాకు రెండు సెకన్ల దాకా ప్రతినాదం ఉంటే అందం. వయొలిన్లు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. రాక్‌కు అది విషం. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ అడెల్‌మన్-లార్సెన్ స్వయంగా డ్రమ్మరు. ఆయన బృందం ఆ దేశంలోని ఇరవై రాక్ వేదికలను కొలిచి, అక్కడ పనిచేసే సంగీతకారుల, సౌండ్ ఇంజినీర్ల అభిప్రాయాలు సేకరించి 2010లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు మెచ్చుకున్న హాళ్లలో, వెయ్యి ఘనపు మీటర్ల చిన్న హాలుకు ప్రతినాదం 0.6 సెకను దగ్గర, ఆరు వేల ఘనపు మీటర్ల హాలుకు 1.2 సెకను దగ్గర ఉంది. తిట్టుకున్న హాళ్లలో ప్రధాన జబ్బు: కింది స్వరాల మోత మరీ ఎక్కువసేపు నిలవడం.

ఇది ఎందుకు అంత చేటో ఒక చిన్న లెక్క చెబుతుంది. నిమిషానికి 120 దరువుల వేగంతో నడిచే పాటలో దరువుకూ దరువుకూ మధ్య అర సెకను. బేస్, అంటే కింది స్వరాల, మోత ఒకటిన్నర సెకన్లు నిలిచిందంటే ఒక దరువు చచ్చేలోపు మరో రెండు వచ్చి దాని మీద పడతాయి. బేస్ గిటారు ఏ స్వరం వాయిస్తోందో తెలియదు, గుయ్యిమనే ఒక ముద్ద మాత్రం చెవిలో పడుతుంది.

సరే, గోడలకు నురగ అట్టలో మందపాటి తెరలో వేస్తే పోదా? పోదు. శబ్దాన్ని మింగాలంటే ఆ పొర మందం అలల పొడవుతో పోటీ పడాలి. బేస్ గిటారు కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కనుక ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. అంటే గది పొడవంత. అంగుళం మందం నురగ దాని దారికి అడ్డే కాదు. తాళాల జలజలను, మాటల్లోని స, శ అక్షరాలను మాత్రం ఆ నురగ తినేస్తుంది. బేస్ అలాగే మిగిలిపోతుంది, గది ఇంకా మందంగా, మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. డబ్బులు పోసి గదిని ఇలా పాడుచేసుకున్న యజమానులు తక్కువేం కాదు.

గది పొడవు, అల పొడవు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఇంకో చిత్రం జరుగుతుంది. ఎదురెదురు గోడల మధ్య బేస్ అల ముందుకూ వెనక్కూ తిరుగుతూ తన మీద తానే పడి, కొన్ని చోట్ల రెట్టిస్తుంది, కొన్ని చోట్ల చెరిగిపోతుంది. ఎనిమిది మీటర్ల గదిలో ఆ కింది స్వరం గోడల పక్కన, సరిగ్గా నడిమధ్యన దద్దరిల్లుతుంది. గోడకు రెండు మీటర్ల దూరంలో దాదాపు మాయమైపోతుంది. బేస్ వినపడటం లేదని బాధపడుతున్న శ్రోత మూడు అడుగులు పక్కకు జరిగితే చాలు, మరో కచేరీ వినిపిస్తుంది.

గోడ దగ్గరైతే పాటకు కండ పడుతుంది

పై స్వరాల సంగతి వేరు. గాయకుడి గొంతు నేరుగా మన చెవికి చేరాక, పక్క గోడకు తగిలి వచ్చిన నకలు కొద్ది ఆలస్యంగా వస్తుంది. గోడ మూడు మీటర్ల దూరంలో ఉంటే ఆ ఆలస్యం సెకనులో యాభయ్యో వంతు కన్నా తక్కువ. అంత తొందరగా వచ్చిన నకలును మెదడు వేరే శబ్దంగా లెక్కపెట్టదు, అసలు దానిలోనే కలిపేసుకుంటుంది. జర్మన్ పరిశోధకుడు హెల్మట్ హాస్ 1949లో ఈ సంగతిని వివరంగా కొలిచాడు. అందుకే చిన్న గదిలో గొంతు నిండుగా, కండపట్టి వినిపిస్తుంది. గోడ పదిహేడు మీటర్ల అవతల ఉంటే నకలు రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. అప్పుడది విడిగా ప్రతిధ్వనిగా తగులుతుంది.

చిన్న గది ఇచ్చే ఈ అండ లేకపోవడం బీటిల్స్‌కు ఎదురుదెబ్బగా తగిలింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో వాళ్లు 55 వేల మందికి పైగా జనం ముందు నిలబడ్డారు. ఆ యాత్ర కోసం వాక్స్ కంపెనీ నూరు వాట్ల ఆంప్లిఫయర్లు చేసి ఇచ్చింది. పాట చేరింది ఎక్కువగా స్టేడియం ప్రకటనల స్పీకర్లలోంచే. కేకల హోరులో తాము ఏం వాయిస్తున్నామో తమకే వినపడని స్థితి. నూరు మీటర్ల అవతల కూర్చున్నవాడికి వేదిక మీది దరువు కంటికి కనిపించాక సెకనులో దాదాపు మూడో వంతుకు గానీ చెవికి చేరదు. 1966 ఆగస్టు తర్వాత ఆ బ్యాండు టికెట్టు కచేరీలే మానేసింది. మానేయడానికి కారణాలు చాలా ఉన్నాయి. తమ పాట తమకు వినపడకపోవడం వాటిలో చిన్నదేమీ కాదు.

డ్రమ్ముకు వాల్యూమ్ బొత్తం లేదు

చిన్న గదిలో ఇంత హోరు ఎందుకు? ఈ గొలుసు డ్రమ్మరు దగ్గర మొదలవుతుంది. కర్రతో గట్టిగా కొట్టిన డ్రమ్ సెట్ ఏ కరెంటూ లేకుండానే దగ్గరలో వంద డెసిబెల్స్ దాటుతుంది. గిటారు వాద్యకారుడు దానికి దీటుగా ఆంప్లిఫయరు పెంచాలి. పైగా రాక్ గిటారుకు కావలసిన ఆ గరగర, వాల్వులున్న ఆంప్లిఫయరును దాని శక్తి అంచుదాకా తోస్తేనే పుడుతుంది. అల నెత్తి కోసుకుపోయి, అందులో లేని కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. తగ్గించి వాయించమంటే ఆ రంగు పోతుంది. పశ్చిమ లండన్‌లో దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో తన తొలి ఆంప్లిఫయరు తయారుచేశాడు. ఆయనా మొదట డ్రమ్మరే, డ్రమ్ములు నేర్పిన గురువు.

గిటారు పెరిగింది కనుక బేస్ పెరుగుతుంది. ఇక మిగిలింది గాయకుడు. మనిషి గొంతు డ్రమ్ముతో పోటీ పడలేదు కనుక మైకు పెట్టి పెంచాలి. అక్కడే చిక్కు. స్పీకర్లోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో పడి, మళ్లీ పెద్దదై, మళ్లీ పడుతుంది. ఒక్కో చుట్టుకూ శబ్దం కాస్తయినా పెరుగుతోందంటే, ఏ స్వరానికి ఆ గది ఎక్కువ అనుకూలమో ఆ స్వరం దగ్గర మైకు కూతపెడుతుంది. గది ఎంత చిన్నదైతే మైకూ స్పీకరూ అంత దగ్గర, కూత అంత తొందర.

1966లో వచ్చిన షూర్ ఎస్ఎమ్58 లాంటి మైకులు ముందునుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుని, వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తాయి. అందుకే గాయకుడి వైపు తిప్పిన స్పీకరును మైకు వీపు వైపు పెడతారు. ఆ వెనక శబ్దాన్ని వదిలేసే పని మైకు జాలీ వెనకనున్న చిన్న సందుల వల్ల జరుగుతుంది. కొత్త గాయకులు ఊపులో జాలీని గుప్పిట్లో మూసేస్తారు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ సందులు మూసుకుపోతాయి. మైకు అన్ని దిక్కులా వినడం మొదలుపెడుతుంది, వెంటనే కూత. అనుభవమున్న బ్యాండుకూ కొత్త బ్యాండుకూ తేడా ఇలాంటి చోట తెలుస్తుంది. కొమ్ములు తిరిగిన డ్రమ్మరు చిన్న గదిలో సన్నని కర్రలు తీసుకుంటాడు. అతను పది డెసిబెల్స్ తగ్గితే గొలుసు మొత్తం తగ్గుతుంది, గాయకుడి మాట జనానికి అర్థమవుతుంది.

[బాక్స్] డెసిబెల్ లెక్క

*డెసిబెల్స్ 10 పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది. చెవికి మాత్రం దాదాపు రెండింతలైనట్టే తోస్తుంది. 3 పెరిగితే శక్తి రెట్టింపు, కానీ చెవి ఆ తేడాను సరిగా పట్టించుకోదు. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్. జోరుగా సాగే రాక్ గది 100. చెవికి ఇది పదహారు రెట్లు బిగ్గరగా అనిపించవచ్చు, శక్తి మాత్రం పదివేల రెట్లు పెరిగింది. దెబ్బ తగిలేది శక్తిని బట్టి.*

చెవి ఒక్కటే వినడం లేదు

లోపలి చెవిలో వినికిడికి సంబంధం లేని భాగాలున్నాయి. శరీరం వాలుతోందా, పైకి కిందికి కదులుతోందా అని మెదడుకు చెప్పే సంచులు అవి. వాటిలో సాక్యూల్ అనేది కదలికతో పాటు పెద్ద శబ్దాలకూ స్పందిస్తుంది. 90 డెసిబెల్స్ దాటిన, దరువు గట్టిగా ఉన్న సంగీతానికి ఈ స్పందన కనిపిస్తుందని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో నీల్ టాడ్, అతని సహచరుడు 2000లో చూపించారు. అంటే ఒక స్థాయి దాటాక బేస్ డ్రమ్ము మన సమతౌల్య ఇంద్రియాన్నే తట్టి లేపుతుంది, నిలబడ్డచోటే ఊయల ఊగుతున్న భావన కలిగించవచ్చు.  ఇయర్‌ఫోన్లు చెవిని నింపగలవు, గదిలోని బేస్‌లా ఒంటిని మొత్తం కదిలించలేవు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో లైవ్‌ల్యాబ్ అనే హాలుంది. చూడ్డానికి మామూలు కచేరీ హాలు, లోపల అంతా కొలత పరికరాలు. 2022లో ప్రచురించిన ప్రయోగంలో అక్కడ ఒక ఎలక్ట్రానిక్ ద్వయం కచేరీ చేస్తుండగా, చెవికి దాదాపు వినపడనంత తక్కువ పౌనఃపున్యాల స్పీకర్లను కొన్ని నిమిషాలు వేస్తూ, కొన్ని నిమిషాలు ఆపుతూ పోయారు. జనం తలలకు కట్టిన పట్టీలు వాళ్ల కదలికలను కొలిచాయి. ఆ స్పీకర్లు పనిచేసినంతసేపూ జనం సగటున 11.8 శాతం ఎక్కువగా కదిలారు. స్పీకర్లు ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో ఎవరికీ తెలియదు.

అదే హాల్లో 2019లో ప్రచురితమైన మరో పరిశీలన రాక్ గాయకుడు ఇయన్ ఫ్లెచర్ థార్న్లీ కచేరీ మీద జరిగింది. కొందరు ఆయన స్వయంగా పాడుతుంటే విన్నారు, కొందరు అవే పాటల రికార్డింగును అదే హాల్లో విన్నారు. ఎదురుగా మనిషి పాడుతున్నప్పుడు తలలు మరింత హుషారుగా కదిలాయి. శబ్దం ఒక్కటే కాదు, ఎదురుగా చెమటలు కక్కుతున్న మనిషి కూడా లెక్కలోకి వస్తాడని దీన్నిబట్టి నమ్మవచ్చు.

వంగిన చేను లేస్తుంది, పడిన చేను లేవదు

ఇంతవరకూ సంతోషం. ఇక బిల్లు సంగతి.

శబ్దం చివరికి చేరేది లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు గొట్టంలోకి. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. వాటిని వరి చేనుగా ఊహించుకోండి. మామూలు గాలికి కంకులు వంగి, గాలి ఆగగానే లేస్తాయి. జోరుగాలి రాత్రంతా వీస్తే తెల్లారేసరికి చేను వాలి ఉంటుంది, ఒకటి రెండు రోజులకు తేరుకుంటుంది. తుపాను వస్తే పైరు నేలకొరుగుతుంది, ఇక లేవదు. కచేరీ నుంచి బయటికొచ్చాక చెవిలో గుయ్యిమనే మోత, మాటలు దూది లోంచి వచ్చినట్టు వినపడటం, ఇవి వాలిన చేను గుర్తులు. పక్షుల్లో, చేపల్లో ఈ కణాలు మళ్లీ మొలుస్తాయి. మనిషిలో మొలవవు.

తెల్లారేసరికి మోత తగ్గిపోయింది కదా అని ధీమా పడటానికి లేదు. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో, వినికిడి పరీక్షలో అంతా మామూలైపోయాక కూడా, రోమకణాలను నరానికి కలిపే సంధులు శాశ్వతంగా పోయి ఉన్నాయని తేలింది. మనుషుల్లో ఇది ఎంత మేర జరుగుతుందన్న పరిశోధన సాగుతోంది. సందడిలో మాటలు అర్థం కావడం లేదని చెప్పే వాళ్లకు పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టు ఎందుకు వస్తుందో దీనితో వివరించవచ్చని శాస్త్రవేత్తల అనుమానం.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చు. అక్కడినుంచి 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పదిహేను నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో వేదికల కోసం ప్రకటించిన ప్రమాణం సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదంటుంది. శబ్దాన్ని ఎప్పటికప్పుడు కొలవాలని, ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలని, చెవులకు విశ్రాంతినిచ్చే చోటు ఉండాలని కూడా అందులో ఉంది. గంటన్నర కచేరీకి 100 అనేది ఎక్కువేనని నా అభిప్రాయం. పరిమితి ఉంది కదా అని ప్లగ్ ఇంట్లో వదిలేయకూడదు.

[బాక్స్] ఇయర్‌ప్లగ్ పెడితే పాట చచ్చిపోదా?

*మందుల షాపులో దొరికే నురగ ప్లగ్ పై స్వరాలను ఎక్కువగా, కింది స్వరాలను తక్కువగా ఆపుతుంది. అందుకే పాట మందంగా వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్వరాలనూ దాదాపు ఒకే మోతాదులో తగ్గిస్తాయి. పాట రంగు మారదు, హోరు మాత్రం తగ్గుతుంది. 15 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్ పదిహేను నిమిషాల గడువును, లెక్క ప్రకారం, ఎనిమిది గంటలకు పెంచుతుంది.*

గోడ దాటేది బేస్ మాత్రమే

చిన్న వేదికల ప్రాణం తీసేది తరచుగా పక్కింటి ఫిర్యాదు. గోడ తేలికైన, వేగమైన కంపనాలను ఆపగలదు. బేస్ అల గోడనే కదిలించి అవతలికి వెళ్తుంది. లోపలివాళ్లకు పాట, బయటివాళ్లకు రాత్రంతా దబ్ దబ్ మనే చప్పుడు. ఇద్దరి బాధలోనూ న్యాయముంది. ఇంగ్లండు 2018లో తన ప్రణాళికా నిబంధనల్లో ఒక పద్ధతి చేర్చింది. ముందునుంచీ ఉన్న సంగీత వేదిక పక్కన ఎవరైనా కొత్తగా ఇళ్లు కడితే, శబ్దం నుంచి ఆ ఇళ్లను కాపాడే ఏర్పాటు కట్టేవాళ్లే చేయాలి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు సాధారణంగా మూసి ఉన్న హాళ్లలో మాత్రమే వాడాలి. అంటే గోడలే వేదికకు అనుమతి పత్రం.

మన దగ్గర కొత్త బ్యాండ్లు వాయించే చోట్లు చాలావరకు సంగీతం కోసం కట్టినవి కావు. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా ఒక మూల చిన్న అరుగు వేసిన కెఫేనో బారో అయి ఉంటుంది. గాజు తలుపులు, గ్రానైట్ నేల, సిమెంటు కప్పు. మూడూ శబ్దాన్ని తిప్పికొట్టేవే. యజమానులు పెద్ద స్పీకర్లు కొనే ముందు గది సంగతి చూడాలి. మూలల్లో బేస్‌ను పీల్చే మందపాటి దిమ్మలు (బేస్ ట్రాప్‌లు), గాజుకు ఎదురుగా పుస్తకాల అలమరో మెత్తటి సోఫాలో, స్పీకర్లను జనం తలల మీదికి వంచి బిగించడం, డ్రమ్ముల కింద తివాచీ. వీటికయ్యే ఖర్చు మంచి స్పీకరు జత ఖర్చు కన్నా తక్కువే కావచ్చు.

వినేవాళ్లకు నా మాట ఇది. మీ ఊళ్లో పేరు తెలియని బ్యాండు ఏదైనా చిన్న గదిలో వాయిస్తుంటే టికెట్టు కొని వెళ్లండి. స్పీకరుకు ఆనుకుని నిలబడకండి. సౌండ్ మనిషి బల్ల దగ్గర నిలబడితే అతను సరిచేసిన పాటే మీకూ వినిపిస్తుంది. జేబులో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, మధ్యమధ్యలో పది నిమిషాలు బయట తిరిగి రండి. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ల చెవులకు ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి. మర్నాడు కూడా చెవిలో మోత తగ్గకపోతే ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకు చూపించుకోండి.